మా మామగారు పక్కతోట మీదికి దండెత్తిన ఏడాది

ఏ దేశమైనా పక్క దేశం మీదికి దండెత్తిందని టీవీలో చెప్పగానే మా ఇంట్లో మగవాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకుంటారు. ఎన్ని ట్యాంకులు, ఎన్ని విమానాలు, ఎవరిది పైచేయి అని ఒకటే చర్చ. నాకు మాత్రం ఎప్పుడూ ఒకే సందేహం వస్తుంది. వాళ్ళందరికీ అన్నం ఎవరు వండుతున్నారు? అంటే నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం? నేను ఒక దండయాత్రకు వంట చేసిన మనిషిని. ఆ పొగ మింగినదాన్ని కాబట్టి, ఏ నియంత మీసం మెలేసినా నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది.

డెబ్భై ఎనిమిది కార్తీకమాసం నాటి మాట. మా అత్తవారిది తిరువూరు శివారు. ఇంటి వెనకే చేను, చేనుకు ఒక బావి, బావి మీద ఆయిలింజను. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మామగారు, మా ఆయన, నేను, నడక వచ్చీరాని మా పాప. మామగారు మిరప వేసేవారు. ఎర్రనేల, చేతినిండా నీళ్ళు, ఏటా కల్లం నిండా కాయ. తిన్నంత తిని, నలుగురికి పెట్టగలిగిన ఇల్లు. కానీ పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ఆయన చూపు ఎప్పుడూ పక్కనున్న మామిడితోట మీదే.

ఆ తోట మా చిన్నత్తయ్యది. మామగారి తాత తమ్ముడి మనవడి భార్య ఆవిడ. భర్త పోయాక ఒక్కతే తోట చూసుకునేది. బంగినపల్లి, చిన్నరసం, గట్టు పొడవునా నాటుచెట్లు. ఏటా పూత మీదే నూజివీడు నుంచి బేరగాళ్ళు వచ్చి తోటను గుత్తకు మాట్లాడుకుని పోయేవారు. ఆవిడ ఆ తోటతో బతికేది, ఎవరి జోలికీ పోయేది కాదు. అదే మామగారికి మింగుడుపడేది కాదు. “మా తాత పంపకాల్లో మోసపోయాడు, ఆ తోట మా వాటాకి రావాల్సింది” అనేవారు. కాగితం ఉందా అంటే లేదు, చూసినవాళ్ళున్నారా అంటే లేరు. తర్వాత నేను పేపర్లలో చదివినంతలో గమనించాను, దండెత్తేవాడికెప్పుడూ మోసపోయిన తాత ఒకడుంటాడు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. మా పుట్టిల్లు నెమలి అనే ఊరి దగ్గర. నా పెళ్ళిలో మా నాన్న అరణంగా ఒక గేదె పడ్డను తోలించాడు. ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఇచ్చే పశువు అది. దాని మీద, దాని సంతానం మీద హక్కు పిల్లదే, అత్తింటివాళ్ళది కాదు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నదల్లా ఆ గేదె ఒక్కటే. మొదటి ఈతలో దాని పాలు అమ్ముకునే పాపకు టానిక్కులు కొన్నాను. పాప నీరసం పిల్ల, పుట్టినప్పటినుంచి డొక్కలు ఎగరేసేది. ఏం మానినా పాలు మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ కార్తీకానికి గేదె మళ్ళీ చూడితో ఉంది, మాఘంలో ఈనాలి. అప్పటిదాకా వాడికలో తెచ్చిన పాలు నీళ్ళు కలిపి పట్టి నెట్టుకొస్తున్నాను. నా ఆశంతా ఆ మాఘం మీదే ఉంది.

ఇక రేడియో. సాయంత్రం వార్తల వేళకు మామగారు అరుగు మీద ట్రాన్సిస్టరు పెట్టుకుని కూర్చునేవారు. ఒకరోజు ఉగాండా సైన్యం టాంజానియాలోకి చొరబడిందని చెప్పారు. నది ఒడ్డుదాకా ఆక్రమించుకుని, ఇకనుంచి ఈ భూమి మాదే అని ఉగాండా అధ్యక్షుడు ప్రకటించాడట. మామగారు తొడ చరిచారు.

“మగాడంటే వాడురా! అడగడం లేదు, బతిమాలడం లేదు. నాదన్నాడు, అయిపోయింది.”

“ఊఁ” అన్నాడు మా ఆయన. మా ఆయన భాషంతా ఆ ఒక్క అక్షరమే.

నాకు నోరు ఊరుకోదు. “ఆయనేగా మామయ్యగారూ, అక్కడ కొట్లు పెట్టుకున్న మన గుజరాతీవాళ్ళని కట్టుబట్టలతో తరిమేసింది? కొట్లు మూతపడి ఉప్పుకీ సబ్బుకీ అల్లాడిపోయారని అప్పట్లో పేపర్లో వేశారు” అన్నాను.

“ఆడాళ్ళకెందుకే రాజకీయాలు? వెళ్ళి స్నానానికి నీళ్ళు తోడు” అన్నారు.

రేడియో వల్లే ఆయన చెడిపోయారని అనను. కుక్కతోక అంతకుముందూ వంకరే. రేడియో ఆయనకు ధైర్యం ఇచ్చింది, పెద్దపెద్ద మాటలు ఇచ్చింది. అంతవరకు “ఆ తోట” అనేవారు కాస్తా “ఆ భూభాగం” అనడం మొదలుపెట్టారు.

వారం తిరగకుండా కర్రలవాళ్ళు దిగారు. పదిమందో పన్నెండుమందో. ఎక్కడెక్కడి తగాదాలకో కూలికి వెళ్ళే జనం. వాళ్ళకొక పెద్ద, ఆ పెద్దరికానికి తగ్గట్టు చెవులదాకా మీసాలు. పొద్దున్నే మా చేనుకీ తోటకీ మధ్యనున్న ముళ్ళకంప లాగి అవతల పారేశారు. తోటలో కాపలా ఉన్న ముసలాయన్ను గదమాయించి పంపేశారు. రక్తం లేదు, రాయి లేదు. మామగారు కండువా దులుపుకుంటూ పెద్ద చెట్టు కిందికి వెళ్ళి నిలబడ్డారు.

చిన్నత్తయ్య వచ్చింది. వరసకు మామగారిని బావగారనాలి కాబట్టి తల మీద కొంగు సర్దుకుని, అంత దూరంలోనే ఆగింది.

“ఏంటి బావగారూ ఇది?”

“ఇవాళ్టినుంచి ఈ తోట నాది. నీకు చేతనైంది చేసుకో.”

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆ కర్రలవాళ్ళను ఒక్కొక్కళ్ళనే కింద నుంచి పైదాకా చూసింది.

“అలాగా. ఎన్నాళ్ళు కాస్తారు?” అని అడిగింది.

జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మామగారు పెద్దగా నవ్వారు. “చూశావా? ఆడమనిషి, ఏం చేస్తుంది?” అని మీసాలతనితో అన్నారు. విజయం కదా, పండగ చేయాలి. కార్తీకమాసం, నేను సోమవారాలు ఉపవాసం ఉంటున్నాను, అయినా కోళ్ళు కోయించారు. పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాంసం కూర నేనే కలిపాను. ఆ పూట పాపకు అన్నం పెట్టి, నేను తినకుండా పడుకున్నాను.

మర్నాటినుంచి నా బతుకు చూడాలి! సైన్యం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పని చేయని మగవాళ్ళ గుంపు, వేళకు ఆకలేసే గుంపు. పొద్దున చద్దన్నం చాలదు, ఇడ్లీ కావాలి. జొన్నన్నం ముట్టరు, వరన్నమే కావాలి. మజ్జిగ పల్చగా ఉంటే మొహం చిట్లించేవారు. నేను ఏడాదికని పెట్టుకున్న ఆవకాయ జాడీ పుష్యం రాకముందే అడుగంటింది. ధాన్యం గాదె ఖాళీ అవుతుంటే లోపల చీపురుతో ఊడుస్తున్న చప్పుడు నాకు వినబడేది. వాళ్ళు చేసే పనల్లా చెట్లకింద మంచాలేసుకుని పేకాడటం. అదేమంటే “కాపలా కాస్తన్నామమ్మా” అనేవారు. ఎవరినుంచి కాపలా? చిన్నత్తయ్య ఆ దరిదాపులకే రావడం లేదు. అయినా వాళ్ళను పంపేయడానికి లేదు. పంపేస్తే మర్నాడు ఆవిడ కంప మళ్ళీ వేసుకుంటుంది. తోట పట్టుకోవడానికి ఒక పూట పట్టింది, పట్టుకున్నదాన్ని వదలకుండా ఉండటానికి మా గాదె పట్టింది. ఈ చిన్న లెక్క ఆ అధ్యక్షుడికీ తెలియలేదు, మా మామగారికీ తెలియలేదు.

చిన్నత్తయ్య కోర్టుకు వెళ్ళింది. తోట ఎవరి సాగులో ఉందో చూడటానికి కోర్టు కమిషనర్ని పంపుతారని మామగారి వకీలు కబురు చేశాడు. ఆయన వచ్చేసరికి సాగు ఆనవాళ్ళు కనబడాలట. పాదులు తీసి ఉండాలి, తడి కనబడాలి, బోదెల్లో నీళ్ళు పారుతుండాలి.

మామిడి సంగతి మా ప్రాంతంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. వానలు వెనకబట్టాక చెట్టును ఎండనివ్వాలి. దాని ఒంట్లో తడి ఆరితేనే పూత కడుతుంది. ఆ వేళ నీళ్ళు పెడితే పూతకు బదులు చిగురు వేస్తుంది. మార్గశిరంలో మామిడికి నీళ్ళు పెట్టేవాణ్ణి మా ఊళ్ళో పిచ్చివాడంటారు.

“వద్దు మామయ్యగారూ. ఇప్పుడు తడి పెడితే ఈ ఏటికి కాపు పోయినట్టే” అన్నాను.

ఆయనకు తెలియక కాదు, శుభ్రంగా తెలుసు. “కాపు వచ్చే ఏడు వస్తుంది. ముందు తోట మన చేతికి రావాలి” అన్నారు.

కాయ కోసం తోటను ఆక్రమించాడు, తోట కోసం కాయను చంపాడు. అంత తెలివి!

ఇంతకీ నీళ్ళెక్కడివి? చిన్నత్తయ్య తోట బావి మీద ఇంజను లేదు, ఆవిడ అవసరమైతే అద్దెకు తెచ్చుకునేది. మా చేను బావి మీది ఆయిలింజనును కర్రలవాళ్ళు బండికెత్తి తోటలోకి తీసుకుపోయారు. మా మిరప అప్పుడే పూతా పిందే మీద ఉంది. దానికి తడి అందాల్సిన రోజులు అవి. పొద్దస్తమానం ఇంజను అవతల దడదడలాడుతుంటే ఇవతల మా చేను ఆకు ముడుచుకుంది. మా ఆయన గట్టు మీద నిలబడి చూసేవాడు. నాకు ఆయన మీద కూడా మంటగా ఉండేది.

“చెప్పండి మీ నాన్నకి! ఇంజను తెచ్చి మన చేనుకి పెట్టమని చెప్పండి!”

“ఊఁ, చెప్తాలే” అన్నాడు. చెప్పలేదు. తండ్రి దగ్గర నోరెత్తని కొడుకులను బంగారుకొండలంటారు మా వైపు. చేను ఎండుతుంటే చూస్తూ నిలబడే బంగారం నాకెందుకు? అక్కరకు రాని ఆ మంచితనాన్ని నేను ఈనాటికీ మెచ్చుకోలేను.

కమిషనర్ వచ్చాడు, తడి చూశాడు, ఏదో రాసుకుని పోయాడు. ఆ సాయంత్రం మామగారి మొహం వెలిగిపోయింది. రేడియో వార్తలు పెద్ద సౌండుతో పెట్టారు. అవతల ఆ దేశంలో కథ తిరగబడటం మొదలైంది. టాంజానియా సైన్యం వాళ్ళను సరిహద్దుదాకా తరిమింది. ఆక్రమించుకున్నన్నాళ్ళూ ఉగాండా సైనికులు చేసిందేమిటయ్యా అంటే, ఇళ్ళు దోచుకోవడం, పశువుల మందలు తోలుకుపోవడం. ఆ మాట విన్నాక నేను పాకలోకి వెళ్ళి గేదె పక్కన కాసేపు నిలబడ్డాను.

పుష్యమాసం వచ్చింది. రెడ్డిగూడెం నుంచి మా దాకా దారిపొడుగునా తోటలన్నీ విరగబూశాయి. ఊరంతా పూత వాసన. మా ‘భూభాగం’ మాత్రం ఎర్రటి లేత చిగురుతో నిగనిగలాడిపోతోంది. వెతికితే ఒక్క పూల కంకి లేదు. నూజివీడు బేరగాడొకడు అలవాటుగా ఆ తోవన వచ్చి, తల ఎత్తి చూసి, నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు.

“కూరకి పనికొస్తదేమో చూడండి ఆ చిగురు” అన్నాడు.

“గట్టు మీద నాటుచెట్లకి కాస్త ఉందిగా పూత? దానికి చెప్పు నీ ధర” అన్నారు మామగారు.

“కోర్టులో ఉన్న తోట కాయ మేం కొనమండి. రేపు ఆవిడొచ్చి కాయ నాదంటే నా గతేంటి? మీ మిరపక్కూడా ఈ ఏడు నన్నడక్కండి. మీతో యవ్వారం అంటే మా సేటు వద్దంటాడు.”

అదీ దెబ్బ. ఉగాండాలో పండేది కాఫీ. ఆ అధ్యక్షుడి అఘాయిత్యాలు చూసి అమెరికా ఆ కాఫీ కొనడం మానేసిందని తర్వాత చదివాను. ఒక మనిషి చెడ్డపేరు వాడి పంటకు కూడా అంటుకుంటుంది. మా మిరపలో ఎండకుండా మిగిలిన ఆ నాలుగు సాళ్ళు కోయడానికి కూడా మనిషి రాలేదు. కోతకు వచ్చే ఆడవాళ్ళను కర్రలవాళ్ళు వెకిలిగా కూయడంతో, వాళ్ళు చిన్నత్తయ్యకు పరిచయమున్న చేలకు వెళ్ళిపోయారు. దుక్కికి బదులు ఎడ్లు ఇచ్చే ఇరుగువాళ్ళు మొహం చాటేశారు. నేనే పాపను గట్టు మీద కూర్చోబెట్టి ఒక్కదాన్నీ మిరపకాయలు కోశాను. చేతులు మండి, ఆ చేతులతో పిల్లను ఎత్తుకోలేక ఏడ్చాను.

మాఘంలో గేదె ఈనింది. ఆడదూడ. జున్ను వండి పాప నోట్లో పెడితే పెదాలు నాక్కుంది. నెల తిరిగేలోపు పిల్ల బుగ్గలకు నునుపు వచ్చింది, నా దగ్గరినుంచి పాకదాకా పరిగెత్తేది. ఇంట్లో ఇంకేమి పోయినా నాకు దిగులు లేకపోయింది.

ఇవ్వాల్సిన కూలి ఇవ్వకపోతే కర్రలవాళ్ళు ఊరుకుంటారా? మొదట తోటలో కొమ్మలు నరికి వంటచెరుకుగా అమ్ముకున్నారు. తర్వాత డీజిలు డబ్బాలు అమ్ముకున్నారు. తర్వాత మంచాలు తెచ్చి మా అరుగు మీదే వేసుకున్నారు. ఒకప్పుడు తోటవైపు తిరిగి ఉన్న కర్రలు ఇప్పుడు మా గుమ్మానికి ఆనించి ఉన్నాయి. మామగారు వాళ్ళను దాటుకుని లోపలికి రావడానికి ఒంటిని పక్కకు తిప్పుకోవాల్సి వచ్చేది. ఎడ్లజత అమ్మేశారు. అదీ చాల్లేదు. ఊళ్ళో కొత్తగా చేయి చాపితే ఇచ్చేవాడు లేడు. రేడియోలో ఉగాండా సైనికులు జీతాల్లేక సొంత ఊళ్ళనే దోచుకుంటూ పారిపోతున్నారని చెబుతుంటే, ఆయన లేచి దాన్ని కట్టేసి, బ్యాటరీలు అయిపోయాయన్నారు.

ఫాల్గుణంలో ఒక మిట్టమధ్యాహ్నం నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నాను. అరుగు మీద మాటలు వినబడ్డాయి.

“ఇంక మాతో కాదండీ” అంటున్నాడు మీసాలతను. “ఇచ్చేది ఇచ్చేస్తే పోతాం. పాకలో గేదె బావుంది, పాడి కూడా బావుంది. దాన్నీ దూడనీ ఇప్పించండి. సరిపోద్ది.”

“అది కోడలి అరణం” అన్నారు మామగారు.

“అయితే ఏంటండీ? మీ ఇంట్లో ఉందిగా.”

“సరే. తోలుకుపోండి. సాయంత్రం చల్లబడ్డాక” అన్నారు.

నేను గరిటె పక్కన పెట్టి వసారాలోకి వచ్చాను. అప్పటిదాకా నేను మామగారికి ఎదురు నిలబడి మాట్లాడలేదు. ఏదన్నా అంటే తలుపు చాటునుంచే.

“నా గేదెని ఇవ్వడానికి మీరెవరు?”

“ఇంటి పరువు పోతోందమ్మాయ్. వీళ్ళు ఊళ్ళో కేకలేస్తే...”

“పరువా? ఇంకా మిగిలిందా అది? ఎండిపోయిన చేలో ఉందా, ఊడ్చిన గాదెలో ఉందా, ఎక్కడుందో చూపించండి, నేనూ చూస్తాను! మీ మనవరాలి నోటికాడ పాలు తీసి వీళ్ళకి పోస్తారా? సిగ్గు లేదూ?”

మా ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు. చాలు, తెలిసింది. పాపను చంకనేసుకుని పాకలోకి వెళ్ళాను. దూడ పలుపు విప్పి పట్టుకున్నాను, గేదె కట్టు విప్పేశాను. దూడ ఎటు నడిస్తే తల్లి అటు నడుస్తుంది. పెరటి దడి దాటేసరికి మీసాలతను కర్ర అడ్డం పెట్టాడు.

“ఎక్కడికమ్మా?”

పాపను చంకలోకి ఎగదోసుకున్నాను. “ఇన్నాళ్ళూ ఈ చేత్తో నీకు అన్నం పెట్టాను. జ్వరమొస్తే జావ కాచిచ్చాను. ఇది మా పుట్టింటి సొత్తు, నీకు కూలి బాకీ పడింది ఆయన. నా పలుపు పట్టుకుంటావా? పట్టుకో చూద్దాం” అన్నాను.

అతను నన్ను చూశాడు, పాపను చూశాడు. కర్ర దించాడు. “పోనీండ్రా” అని మిగతావాళ్ళతో అన్నాడు. కూలికి కొట్టే మనుషులకు కూడా తిన్న చేయి గుర్తుంటుంది. మా మామగారికి లేనిది అదే.

ముళ్ళకంప ఉండాల్సిన చోటు దాటి, నరికిన కొమ్మల మధ్యనుంచి, చిగురు తప్ప ఏమీ లేని ఆ తోటలోంచి నడిచాను. వెనకనుంచి మామగారు పిలుస్తున్నారు. పరాయిదాని గడప తొక్కావంటే మళ్ళీ ఈ ఇంట్లో అడుగు పెట్టొద్దంటున్నారు. నేను తిరిగి చూడలేదు. తోట అవతల చిన్నత్తయ్య పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. గేదెను చూసింది, నన్ను చూసింది. ఏమిటని అడగలేదు.

“ఆ కొయ్యకి కట్టు. గడ్డి నేను వేస్తా, పేడ నాది. పాలు నీవి” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. “నేను వాళ్ళకి వండి పెట్టాను చిన్నత్తయ్యా, మీ తోట నరికినవాళ్ళకి” అన్నాను.

“నువ్వు కాకపోతే ఎవరు వండుతారే? ఏడిస్తే పాలు తగ్గిపోతాయి. ముందు పిల్లకి అన్నం పెట్టు” అంది.

ఆ సాయంత్రమే కర్రలవాళ్ళు వెళ్ళిపోయారు. వట్టి చేతులతో పోతారా? తోట బావి మీదున్న మా ఆయిలింజనును బండికెక్కించుకుని, తిరువూరు బస్టాండు మీదుగా, ఊరంతా చూస్తుండగా పోయారు. మామగారు అడ్డం కూడా వెళ్ళలేదట. రెండురోజులు ఆగి మా ఆయన పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని చిన్నత్తయ్య గుమ్మంలోకి వచ్చాడు. “ఇక్కడ పడుకోవచ్చా పిన్నీ?” అని అడిగాడు. ఆయన నోటినుంచి నేను విన్న పెద్ద వాక్యాల్లో అదొకటి. పెళ్ళాం గేదెను కాపాడలేనివాడు పరుపు కాపాడుకుని వచ్చాడని నేను మొహం మీదే అన్నాను. పడ్డాడు. తర్వాత అదే తోటలో చిన్నత్తయ్యకు సాయంగా చాకిరీ చేశాడు, అది కూడా చెప్పాలి కదా.

చైత్రంలో ఉగాండా రాజధాని టాంజానియా వాళ్ళ చేతుల్లోకి పోయిందని, అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయాడని పేపర్లో పెద్ద అక్షరాల్లో వేశారు. పొరుగువాడి భూమి కొరకబోయి సొంత కుర్చీ పోగొట్టుకున్నాడు. చిన్నత్తయ్యకు చదివి వినిపించాను. సంతోషిస్తుందనుకున్నాను.

“మరి ఆ గెలిచినవాళ్ళు? వాళ్ళ గాదెలో ఏమన్నా మిగిలిందంటనా?” అని అడిగింది.

అది పేపర్లో లేదు. తర్వాత ఏళ్ళలో తెలిసింది, ఆ యుద్ధం ఖర్చుతో వాళ్ళూ చితికిపోయారు. చిన్నత్తయ్య మొహం చూస్తే నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. తోట తిరిగి ఆవిడ చేతికే వచ్చింది, కోర్టు కూడా ఆవిడవైపే అంది. కానీ ఆ ఏడు కాపు లేదు. నరికిన చెట్లలో కొన్ని మళ్ళీ లేవలేదు. మెడలో గొలుసు తీసి అమ్మి, కంప వేయించుకుంది. ఏ తప్పూ చేయని మనిషి గొలుసు పోయింది. ఇదంతా తలుచుకుంటే నాకు మామగారి మీద జాలి పుట్టదు. మంది సొమ్ము తినబోయి సొంత కూడు పోగొట్టుకున్నవాడి మీద జాలి పడాలట, మా బంధువులు అనేవారు. వాళ్ళకు కందకు లేని దురద! పడదలుచుకుంటే వాళ్ళే పడమనండి, నాకు పాలు పితికే పని ఉంది.

నిజంగానే పని పెరిగింది. చిన్నత్తయ్య పెరట్లోంచే పాలు అమ్మడం మొదలుపెట్టాను. పొద్దున్నే వాడికవాళ్ళు చెంబులతో వచ్చి దడి దగ్గర నిలబడేవారు. వైశాఖంలో ఒకరోజు వాళ్ళ వెనక మామగారు నిలబడి ఉన్నారు. కండువా మాసిపోయింది, చేతిలో ఇత్తడి చెంబు. నేను వచ్చేశాక ఆయనకు ఒంట్లో బాగాలేదని, మజ్జిగ లేనిదే ముద్ద దిగడం లేదని విన్నాను. ఆయన వంతు వచ్చేదాకా నేను ఆగమనలేదు, ముందుకు రమ్మనీ అనలేదు. వంతు వచ్చింది. పావలాలు దడి మీద పెట్టారు. నేను గిద్దెతో కొలిచి, అందరికీ పోసినట్టే, ఆయన చెంబులో పోశాను.

ఆయన కదల్లేదు. చెంబు అలాగే చాపి ఉంచారు.

“కొసరు పొయ్యవా అమ్మాయ్?” అన్నారు.

పాప నా కుచ్చిళ్ళు పట్టుకుని ఆయన వైపు చూస్తోంది. నేను గిద్దె కడిగి దడి మీద బోర్లించాను, తర్వాత ఎవరో చూడమని చిన్నత్తయ్యతో చెప్పి లోపలికి వెళ్ళాను.